ఇటలీలో ఆస్ట్రోగోత్‌లను బైజాంటైన్ సైన్యం చివరికి ఎలా ఓడించింది? ఓడాక వాళ్ళు ఏమయ్యారు?

నేను చదివింది కెమిస్ట్రీ, చరిత్ర కాదు. అయినా ఈ ప్రశ్నకి జవాబు రాయడానికి ఒక కారణం ఉంది. సాలెర్నో విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసిన రెండేళ్ళూ స్కాఫాటి అనే ఊళ్ళో అద్దెకున్నాను. ఒకవైపు వెసూవియస్, ఇంకోవైపు లట్టారి కొండలు, మధ్యలో సార్నో నది. ఆస్ట్రోగోత్‌ల ఆఖరి రాజు టెయా చచ్చిపోయింది ఆ మైదానంలోనే. ఆ సంగతి తెలిసిన రోజు ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, ఇక్కడే గోతుల రాజు చచ్చిపోయాడంట" అంటే, "ఏ గోతిలో పడి?" అంది. అందుకే ఇక్కడ జాగ్రత్తగా గోత్‌లు అని రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పదిహేనేళ్ళకు పైగా తేలని యుద్ధాన్ని తేల్చింది జీతాలు. సైనికులకి జీతం బకాయిలు పెట్టినంత కాలం బైజాంటైన్ వాళ్ళు గెలిచిన ఊళ్ళని కూడా పోగొట్టుకున్నారు. బకాయిలు తీర్చడానికి డబ్బు పట్టుకుని ఒక ముసలాయన వచ్చాక ఒక్క ఏడాదిలో ఇద్దరు గోత్ రాజులు పోయారు. ఇది నాకు పుస్తకాల్లో కంటే ముందు ఒక రెస్టారెంట్ వంటింట్లో అర్థమైంది. ఆ కథ తర్వాత.

ముందు కొంచెం నేపథ్యం. ఆస్ట్రోగోత్‌లు ఇటలీలో స్థిరపడ్డ ఒక జర్మానిక్ తెగ. వాళ్ళ రాజు థియోడొరిక్ 493 నుంచి 526 దాకా ఇటలీని ఏలాడు, బాగానే ఏలాడు. ఆయన పోయాక వారసుల గొడవల్లో కూతురు అమలసుంతని చంపేశారు. కాన్‌స్టాంటినోపుల్లో ఉన్న తూర్పు రోమన్ (బైజాంటైన్) చక్రవర్తి జస్టీనియన్‌కి అదొక సాకు దొరికింది. 535లో సేనాని బెలిసారియస్‌ని పంపాడు. సిసిలీ, నేపుల్స్, రోమ్, చివరికి 540లో రాజధాని రవెన్నా, అన్నీ ఆయన చేతికొచ్చాయి. గోత్ రాజు విటిగెస్‌ని బందీగా తీసుకెళ్ళాడు. లెక్కప్రకారం కథ అక్కడితో అయిపోవాలి.

అవలేదు. బెలిసారియస్ వెళ్ళాక పన్నుల లెక్కలు చూడటానికి అలెగ్జాండర్ అనే అధికారి వచ్చాడు. బంగారు నాణేల అంచులు గుండ్రంగానే ఉండేలా కత్తిరించి మిగుల్చుకోవడంలో దిట్ట అని జనం ఆయనకి "కత్తెర" అని పేరు పెట్టారు. ఇటలీ జనం దగ్గర ఎప్పుడో థియోడొరిక్ కాలం నాటి లెక్కలు తిరగతోడి డబ్బు వసూలు చేశాడు. ప్రాణాలకు తెగించి గెలిచిన సైనికులకేమో అదీ ఇదీ అని వంకలు పెట్టి జీతాలు కోశాడు. జనమూ పోయారు, సైనికుల మనసూ విరిగింది. సరిగ్గా ఆ సమయంలో, 541లో, గోత్‌లకి టోటిలా అనే కుర్ర రాజు దొరికాడు.

టోటిలా తెలివైనవాడు. రైతుల జోలికి పోకుండా వాళ్ళ దగ్గర మామూలు పన్నూ కౌలూ మాత్రం తీసుకునేవాడు. 543లో నేపుల్స్ లొంగినప్పుడు జనం ఎముకల గూళ్ళలా ఉన్నారు. ఒక్కసారిగా తింటే చచ్చిపోతారని ద్వారాల దగ్గర కాపలా పెట్టి, మొదటి రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం, అలా రోజూ పెంచుకుంటూ పెట్టించాడు. శత్రువు పక్షాన రాసిన చరిత్రకారుడు ప్రొకోపియస్సే ఈ సంగతి మెచ్చుకుంటూ రాశాడు.

ఇటు రోమన్ల సంగతి చూడండి. (వాళ్ళని మనం బైజాంటైన్ అంటున్నాం గానీ వాళ్ళు తమని రోమన్లనే అనుకునేవారు.) 544లో బెలిసారియస్‌ని మళ్ళీ పంపారు, చేతిలో డబ్బు లేకుండా. మనుషుల్లేరు, గుర్రాల్లేవు, ఆయుధాల్లేవు, డబ్బు లేదు, పాత జీతాలు అడుగుతారని సైనికులు నా మాట వినడం లేదు అనే అర్థంలో ఆయన చక్రవర్తికి ఉత్తరం రాశాడు. రోమ్ ముట్టడిలో ఉన్నప్పుడు లోపల సేనాని బెస్సాస్ దాచుకున్న గోధుమలు ఆకలితో మాడుతున్న జనానికే మండిపోయే రేట్లకి అమ్ముకున్నాడు. డబ్బున్నవాళ్ళు కొన్నారు, లేనివాళ్ళు దురదగొండి ఆకు ఉడకబెట్టుకు తిన్నారు. 546 డిసెంబర్లో రోమన్ సైన్యంలోని ఇసౌరియన్ సైనికులు (ఆసియా మైనర్ కొండప్రాంతం వాళ్ళు) కొందరు రాత్రిపూట నగర ద్వారం తెరిచి టోటిలాని లోపలికి రానిచ్చారు. మరుసటి ఏడాది బెలిసారియస్ రోమ్‌ని తిరిగి పట్టుకున్నాడు. 550లో మళ్ళీ అదే కథ: ఏళ్ళ తరబడి జీతం అందని ఇసౌరియన్లు ఇంకో ద్వారం తెరిచారు. మొదటిసారి తెరిచినవాళ్ళకి టోటిలా బాగా ముట్టజెప్పాడని వాళ్ళు కళ్ళారా చూశారు మరి.

నా రెస్టారెంట్ కథ ఇక్కడ చెప్పాలి. చదువుకుంటూ సాయంత్రాలు ఒకచోట గిన్నెలు కడిగేవాణ్ణి. యజమాని రెండున్నర నెలలు జీతం ఇవ్వలేదు. అడిగితే "దొమానీ, దొమానీ" అనేవాడు, అంటే రేపు రేపు అని. మనిషి చెడ్డవాడు కాదు, నవ్వుతూ భుజం తట్టేవాడు, తినడానికి బాగానే పెట్టేవాడు. ఒక శనివారం రాత్రి హాలు కిటకిటలాడుతుంటే మా వంటాయన ఏప్రన్ విప్పి గోడకి తగిలించి, రోడ్డు దాటి ఎదురు రెస్టారెంట్‌లోకి నడిచి వెళ్ళిపోయాడు. వాళ్ళేమీ ఎక్కువ ఇస్తామనలేదు. వారం వారం ఇస్తామన్నారు, అంతే. ఇరవై ఏళ్ళ పనితనం, వంటల గుట్టు, సగం మంది కస్టమర్లు ఆయనతోపాటు రోడ్డు దాటేశారు. ఇసౌరియన్ల గురించి చదివినప్పుడు నాకు ఆ ఏప్రన్ గుర్తొచ్చింది. ద్రోహులు అని చదివి ఊరుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ ముసలాయన. పేరు నార్సెస్. పర్షియా వైపు అర్మేనియా మనిషి, అంతఃపురంలో పనిచేసే నపుంసకుడు, రాజుగారి ఖజానా చూసిన అధికారి. సేనాధిపతిగా వచ్చేటప్పటికి డెబ్బై దాటిన వయసు అంటారు. ఆయన జస్టీనియన్ దగ్గర సరిపడా డబ్బు తీసుకుని గానీ బయలుదేరలేదు. కొత్త సైన్యాన్ని కూర్చడానికి, ఇటలీలో ఉన్న పాత సైనికుల బకాయిలు తీర్చడానికి, టోటిలా పక్షానికి ఫిరాయించినవాళ్ళని వెనక్కి లాగడానికి ఆ సొమ్ము. లొంబార్డులు, హెరూల్‌లు, హూణులు, గెపిడ్‌లు, పర్షియన్లు, అందరూ జీతం కోసం వచ్చినవాళ్ళే. ఉత్తరాన వెరోనా వైపు దారిని టెయా పాడుచేసి కూర్చుంటే, నార్సెస్ సముద్రం అంచునే నడిచాడు. పక్కనే పడవలు వస్తుండేవి. నది అడ్డొచ్చిన చోటల్లా వాటినే వంతెనగా కట్టి దాటారు.

552 వేసవిలో టాగినే దగ్గర, ఇప్పటి గ్వాల్దో తదీనో ప్రాంతంలో, రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఏ రోజు పోరాడదాం అని నార్సెస్ అడిగితే టోటిలా ఎనిమిది రోజుల తర్వాత అన్నాడు. ముసలాయన నమ్మలేదు, మర్నాటికే సిద్ధమయ్యాడు. నిజంగానే మర్నాడే వచ్చారు. అయితే టోటిలాకి ఇంకా రెండు వేల మంది రావాలి. వాళ్ళు వచ్చేదాకా కాలం గడపాలి కదా, అందుకని బంగారు కవచంతో గుర్రమెక్కి రెండు సైన్యాల మధ్యా విన్యాసాలు చేశాడు. ఈటెని గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం, గుర్రాన్ని గిరగిరా తిప్పడం, జాతరలో కర్రసాము చేసేవాడిలా. ఆ రెండు వేల మందీ వచ్చాక సైన్యాన్ని వెనక్కి పిలిచి భోజనాలకి పంపాడు. శత్రువు కూడా భోంచేస్తుంటాడు, అప్పుడు మీద పడదామని ఎత్తు. నార్సెస్ మాత్రం తన మనుషుల్ని కవచం విప్పనివ్వలేదు, కునుకు తీయనివ్వలేదు. నిలబడిన చోటే నాలుగు ముద్దలు తినమన్నాడు.

గోత్ గుర్రపు దళం ఈటెలు తప్ప వేరే ఆయుధం వాడొద్దన్న ఆజ్ఞతో నేరుగా మధ్యలోకి దూసుకొచ్చింది. అక్కడ లొంబార్డులనీ హెరూల్‌లనీ గుర్రాలు దింపి నిలబెట్టాడు నార్సెస్, పారిపోవాలని బుద్ధి పుట్టినా వీల్లేకుండా. రెండు పక్కలా నాలుగేసి వేల మంది విలుకాళ్ళు. సాయంత్రానికి గుర్రాలు వెనక్కి తిరిగి తమ కాల్బలం మీదుగానే పరుగెత్తాయి. ఆరు వేల మంది గోత్‌లు చచ్చిపోయారు. పట్టుబడినవాళ్ళలో అంతకుముందు జీతాల్లేక ఫిరాయించిన రోమన్ సైనికులూ ఉన్నారు. వాళ్ళనీ వదల్లేదు. పారిపోతూ టోటిలా ఈటె పోటుకి పోయాడు. తర్వాత ఒక గోత్ స్త్రీ సమాధి చూపిస్తే, నిజంగా ఆయనేనా అని తవ్వి చూసి మళ్ళీ పూడ్చారు. గెలిచిన వెంటనే నార్సెస్ లొంబార్డులకి డబ్బిచ్చి ఇంటికి పంపేశాడు. ఊళ్ళు తగలబెడుతూ ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేస్తున్నారని. ఈ లొంబార్డుల్ని గుర్తుపెట్టుకోండి.

మిగిలిన గోత్‌లు పావియాలో టెయాని రాజుని చేశారు. ఆయన అక్కడి ఖజానా చూపి, పొరుగు రాజ్యం వాళ్ళైన ఫ్రాంక్‌లని సాయం పిలిచాడు, వాళ్ళు రాలేదు. గోత్‌ల మిగతా ధనమంతా నేపుల్స్ దగ్గర క్యూమే కోటలో, టెయా తమ్ముడు అలిగెర్న్ కాపలాలో ఉంది. నార్సెస్ దాన్ని ముట్టడించడానికి మనుషుల్ని పంపాడు. దాన్ని కాపాడుకోవాలని టెయా ఇటలీ పొడవునా దిగి వచ్చాడు. ఆఖరి యుద్ధం మా స్కాఫాటి దగ్గర జరగడానికి కారణం ఆ డబ్బే. ఈలోగా మంచి కుటుంబాల నుంచి బందీలుగా పట్టుకున్న మూడు వందల మంది పిల్లల్ని చంపించాడు. టెయా వీరత్వాన్ని పొగిడేవాళ్ళు ఈ ముక్క ఎగరగొట్టేస్తారు.

సార్నో నదిని మొదటిసారి చూసి నేను నవ్వుకున్నాను. ఈ వాగుకి అటూ ఇటూ రెండు నెలలు కూర్చున్నారా అని. అప్పట్లో డ్రాకో అనే ఆ నది చిన్నదే, కానీ గట్లు నిటారుగా ఉండి గుర్రాలు దిగలేవని ప్రొకోపియస్ రాశాడు. ఉన్న ఒక్క వంతెన గోత్‌ల చేతిలో ఉంది, చెక్క బురుజుల మీద పెద్ద విల్లు యంత్రాలు పెట్టుకున్నారు. తిండి సముద్రం మీద ఓడల్లో వచ్చేది. ఆ ఓడలు చూసుకునే గోత్ అధికారి ఒకరోజు ఓడలన్నిటినీ రోమన్లకి అప్పగించేశాడు. అక్కడితో అయిపోయింది. తిండి లేక వాళ్ళు పక్కనున్న మోన్స్ లక్టారియుస్ ఎక్కారు. ఆ పేరుకి అర్థం పాలకొండ. కడప జిల్లావాణ్ణి, పాలకొండలు నాకు కొత్త కాదు గనక ఆ పేరు విన్నప్పుడు ఏదోలా అనిపించింది. ఇప్పటికీ ఆ లట్టారి కొండల పాలు, జున్ను ఆ చుట్టుపక్కల ప్రసిద్ధి. గోత్‌లకి మాత్రం అక్కడ తినడానికేమీ దొరకలేదు.

పస్తులతో చచ్చేకంటే నయమని 552 చివర్లో హఠాత్తుగా కిందికి దిగి, గుర్రాలు వదిలేసి కాలినడకన పోరాడారు. టెయా ముందువరసలో ఉన్నాడు. డాలుకి ఈటెలు దిగబడి బరువెక్కగానే అనుచరుడు ఇంకోటి అందించేవాడు. ఒక జాముకి పైగా అలా గడిచింది. డాలులో పన్నెండు ఈటెలు గుచ్చుకుని ఉండగా, ఇంచి కూడా కదలకుండా కొత్తది అడిగాడు. మార్చుకునే ఆ క్షణంలో ఛాతీ బయటపడింది, ఈటె దిగింది. తల కోసి కర్రకి గుచ్చి రెండు పక్షాలకీ చూపించారు. అయినా గోత్‌లు ఆ రాత్రి దాకా, మర్నాడు మళ్ళీ రాత్రి దాకా పోరాడారు.

తర్వాత పెద్దల్ని పంపి నార్సెస్‌ని అడిగింది ఇది: మేం ఈ దేశం వదిలి పోతాం, ఇటలీ కోటల్లో మేం దాచుకున్న సొంత డబ్బు దారి ఖర్చులకి తీసుకెళ్ళనివ్వండి. నార్సెస్ ఒప్పుకున్నాడు. నాకు ఈ యుద్ధం మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. (నా రెండున్నర నెలల్లో ఒక నెల జీతం నాకూ వచ్చింది, ఊరు ఖాళీ చేసే వారంలో.)

అందరూ పోలేదు. ఒక వెయ్యి మంది అప్పటికే తప్పించుకుని పావియా వెళ్ళిపోయారు. క్యూమేలో అలిగెర్న్ ఏడాదికి పైగా నిలబడ్డాడు. నార్సెస్ మనుషులు కొండ కింద సిబిల్ అనే పురాణాల జోస్యురాలి గుహలోంచి కోటగోడ కిందికి తవ్వారు. గోత్‌లకి గోతులు తవ్వింది అక్కడే, అమ్మకి ఈ ముక్క చెప్పాలి. చివరికి అలిగెర్న్ తాళాలు అప్పగించి రోమన్ల పక్షానే చేరాడు. ఇటలీ మీద పడ్డ ఫ్రాంక్, అలమన్ని తెగల దండుని 554లో నార్సెస్ కాపువా దగ్గర వోల్తుర్నో ఒడ్డున తుడిచిపెట్టాడు. 555లో గోత్‌లు ఇంకో ఏడు వేల మంది కాంప్సా కోటలో లొంగిపోయారు, వాళ్ళని కాన్‌స్టాంటినోపుల్‌కి పంపేశారు. వెరోనా, బ్రెషా లొంగేసరికి 560లు వచ్చేశాయి. 568లో, గుర్తుపెట్టుకోమన్న ఆ లొంబార్డులు పెళ్ళాంపిల్లలతో సహా ఇటలీ మీదకి దిగారు. దారి వాళ్ళకి ముందే తెలుసు.

మిగిలిన గోత్‌లు ఊళ్ళలో కలిసిపోయారు, కొందరు లొంబార్డుల్లో. స్కాఫాటిలో దిగితే చూడటానికి ఏమీ ఉండదు, టమాటా ఫ్యాక్టరీలు తప్ప. చూడాలనుంటే రవెన్నా వెళ్ళండి. థియోడొరిక్ కట్టించిన సంత్ అపోలినారే నువోవో చర్చి గోడ మీద రంగురాళ్ళతో ఆయన రాజభవనం ఉంటుంది. స్తంభాల మధ్య ఒకప్పుడు మనుషుల బొమ్మలుండేవి. యుద్ధం అయ్యాక వాటిని చెరిపేసి తెల్లటి తెరలు వేశారు. పని చేసినవాళ్ళు స్తంభాల మీదికి వచ్చిన భాగాన్ని పట్టించుకోలేదు. అందుకని ఇప్పటికీ ఒకటి రెండు స్తంభాల మీద చేతులు ఉన్నాయి, చేతుల మనుషులు లేరు.