పాత రేకు బోర్డులకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మా తాతగారు నడిపిన కిరాణా కొట్టు బోర్డు ఒకటి, దానితోపాటు బర్మా షెల్ చమురు కంపెనీ వారి కిరోసిన్ ఎనామిల్ (గాజు పూత పూసిన ఇనుప) బోర్డు ఒకటి మా ఇంట్లో మిగిలాయి. మొదటిది చెక్క చట్రానికి మేకులతో బిగించిన ఇనుప రేకు మీద పెయింటరు చేత వ్రాయించినది. ఊరి పేరు కింద ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంది. 2009 వరదలో రెండూ మునిగాయి. కడిగి, ఎండలో ఆరబెట్టి, పాత ఫ్లెక్సీలో చుట్టి, మట్టి మిద్దె గదిలో నాపబండల మీద గోడకు ఆనించి ఉంచాము. ఈ మధ్య విప్పి చూస్తే కొట్టు బోర్డు రంగు ఉబ్బి పెచ్చులు లేస్తున్నది, ఎనామిల్ బోర్డు రంధ్రాల చుట్టూ తుప్పు పట్టింది. ఆ గది కారదు. మరి ఈ తేమ ఎక్కడిది? ఇకమీదట వీటిని ఎలా భద్రపరచాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందుగా ఒక మనవి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరి వరకే కాబట్టి, మీ తాతగారి బోర్డు ఆ మూడేళ్ళ కాలానిదే అయి ఉండాలి. రెండవది కూడా 1976లో బర్మా షెల్ జాతీయం కావడానికి ముందుదే. కొత్త రంగు వేయించాలన్న ఆలోచన ఏమైనా ఉంటే దయచేసి విరమించుకోండి. ఆ అక్షరాలను మళ్ళీ వ్రాయించవచ్చు గాని, ఆనాటి పెయింటరు చేతి వాటం మళ్ళీ రాదు.

ఇక తేమ సంగతి. రేకు తుప్పు పట్టడానికి వాన నీరు తగలనక్కరలేదు, గాలిలోని తేమే చాలు. గాలిలో సాపేక్ష తేమ (గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న వంతు) సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. ఉప్పు అంటిన చోట అంతకంటే చాలా తక్కువ తేమలోనే ఆ పని మొదలవుతుంది. పైగా 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి సుమారు 24 డిగ్రీలకు చల్లబడిన వస్తువును తాకితే దాని మీద నీరు చెమరుస్తుంది. వానాకాలంలో నాపబండ చల్లగా ఉంటుంది, దానికి ఆనిన రేకు అంచు కూడా అలాగే చల్లబడుతుంది. ఆ చెమ్మ ఆరిపోవడానికి దారి ఉంటే కొంత నయమే. కాని మీరు ఫ్లెక్సీ చుట్టారు. లోపల చేరిన తేమ బయటికి పోలేక, పగలు ఆవిరై, రాత్రి మళ్ళీ రేకు మీదనే వాలుతూ వచ్చింది. ఫ్లెక్సీ పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినది. దానిని మెత్తగా ఉంచే నూనె వంటి పదార్థం పాత రంగుకు అంటుకొని దానిని జిగటగా మారుస్తుంది, పాతబడిన కొద్దీ పీవీసీ ఆమ్లాన్ని కూడా విడుదల చేస్తుంది. ఈ బోర్డులకు వరద చేసిన చెరుపు ఒక ఎత్తయితే ఆ చుట్ట చేసినది మరొక ఎత్తు అని నేను నమ్ముతున్నాను.

మీరు వ్రాసినదానిలో మరి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. చెక్క చట్రానికీ రేకుకూ మధ్య వరద ఒండ్రు ఇంకా మిగిలి ఉండవచ్చు. అది ప్రతి వానాకాలమూ తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. మట్టి మిద్దె మీద పరిచిన చవుడు మన్ను సన్నగా రాలుతూ ఉంటుంది కదా, అందులోని లవణాలు రేకు మీద పడితే తుప్పుకు ఊతమిస్తాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది; రంగు కింద పుట్టిన తుప్పు రంగును పైకి నెడుతుంది. మీరు చూసిన ఉబ్బులు అవే.

ఫ్లెక్సీని పూర్తిగా తీసివేసి, రెండు బోర్డులనూ నీడలో, ఫ్యాను గాలి తగిలేటట్లు కొన్ని రోజులు ఉంచండి. మన ఎండలో పెట్టవద్దు. వేడికి రేకూ, ఎండిన పాత రంగూ ఒకే తీరున సాగవు కాబట్టి రంగు పగులుతుంది. దుమ్మును మెత్తని కుంచెతో, పెచ్చులు లేని చోట మాత్రమే, నెమ్మదిగా దులపండి. గరుకు కాగితం అసలే వాడవద్దు. ఆ కాలపు రంగులలో సీసం ఉండేది కాబట్టి, పెచ్చుల పొడిని పీల్చకుండా మాస్కు కట్టుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. లేచిన పెచ్చులను జిగురుతో మీరే అతికించే ప్రయత్నం చేయకుండా, చిత్రాల సంరక్షణ తెలిసిన వారికి చూపించడం మంచిది. అంతవరకు ఆ బోర్డును రంగు వైపు పైకి ఉండేటట్లు పడుకోబెట్టి, రంగుకు ఏదీ తగలకుండా ఎత్తుగా పందిరిలా గుడ్డ కప్పండి.

ఎనామిల్ బోర్డు గట్టిది, నిలబెట్టవచ్చు. నేల నుంచి మోకాలెత్తున, గోడకు జానెడు ఎడంగా, ఇంటి లోపలి గోడ వైపున ఉంచండి. కప్పడానికి గంజి పెట్టని, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచెను మించినది లేదు. అది దుమ్మును ఆపుతుంది, గాలిని ఆపదు. గోనెసంచులు, వార్తాపత్రికలు, అట్టపెట్టెలు తేమను దాచుకుంటాయి కాబట్టి అవి వద్దు. గాలిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్‌ను ఎక్కడో దూరంగా కాక, బోర్డు పక్కనే పెట్టండి. ఆగస్టు నుంచి నవంబరు వరకు వారానికి ఒకసారి చూసి, ముల్లు 55 శాతం దాటితే వాన లేని మధ్యాహ్నం వేళ తలుపులు తీసి ఫ్యాను వేయండి. బయట ముసురు పట్టి ఉన్నప్పుడు కిటికీలు తెరిస్తే తేమను మనమే లోపలికి పిలిచినట్లవుతుంది. సిలికా జెల్ సంచులు మూత గట్టిగా పడే ట్రంకు పెట్టెలోనే పని చేస్తాయి, తెరిచిన గదిలో దండగ. వాటికి బదులుగా ఉప్పు మూట పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది కరిగి కారితే రేకుకు చేటే.

ప్రశ్న: మాది అనంతపురం. ఇక్కడ వానలే తక్కువ. చిన్న ఎనామిల్ బోర్డును ఇత్తడి సామానులాగా చింతపండుతో తోమి, కొబ్బరినూనె పూసి దాచవచ్చునా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దమ్మా. ఎనామిల్ అంటే సుమారు 800 డిగ్రీల వేడిలో ఇనుము మీద కరిగించి అతికించిన గాజు పూత. చింతపండు పులుపు దాని మెరుపును హరిస్తుంది, పెచ్చు ఊడిన చోట ఇనుమును కొరుకుతుంది. కొబ్బరినూనె దుమ్మును పట్టి, పాతబడి, కొంతకాలానికి పులుస్తుంది. తడి పిండేసిన నూలు గుడ్డకు ఒక చుక్క మెత్తని సబ్బునీరు అద్ది తుడిచి, మంచినీటి గుడ్డతో మళ్ళీ తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పూర్తిగా ఆరిన తరువాత, పెచ్చు ఊడిన అంచులకు, రంధ్రాలకు మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పలుచగా రుద్దవచ్చు. మీ జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వానే పడుతుందన్నది నిజమే గాని, ఏడాదిలో మిగతా నెలలకన్నా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎక్కువగా కురుస్తుంది. ఆ రెండు నెలలూ బోర్డును వారం వారం బయటికి తీసి చూడండి.