పాత వాయిద్యాల కచేరీలకు సీజన్ టికెట్టు కొనవచ్చా?

అడిగినవారు బోస్టన్‌కు కొత్తగా వచ్చారట. మూడు వందల ఏళ్లనాటి యూరప్ సంగీతాన్ని ఆనాటి తరహా వాయిద్యాల మీదే వాయించే చిన్న కచేరీలకు సీజన్ టికెట్టు కొనమని ఆఫీసులో ఎవరో చెప్పారట. కర్ణాటక సంగీతం తప్ప మరొకటి ఎరగని తనకు అది ఎక్కుతుందా, లేక డబ్బు దండగా అని ప్రశ్న.

కొనండి. కాకపోతే మొదటి పది నిమిషాలకే లేచి వచ్చేయకండి. హార్ప్‌సికార్డ్, అంటే మీట నొక్కితే లోపలి తీగను గిల్లే పియానోలాంటి వాయిద్యం, మొదట్లో పక్కింట్లో ఎవరో చెంచాలు సర్దుతున్నట్టు వినిపిస్తుంది. అది చెవి ఇంకా రోడ్డు మీదే ఉండటం వల్ల. చెవి లోపలికి వచ్చి కూర్చున్నాక సంగతి వేరు.

మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో మా అమ్మను బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒక చర్చిలో జరిగిన కచేరీకి తీసుకెళ్లాను. అమ్మ చిన్నప్పుడు విజయనగరంలో వీణ నేర్చుకుంది. చీర మీద స్వెటరు, దాని మీద నా పాత కోటు వేసుకుని, "ఇంత చలిలో కచేరీ ఏమిట్రా" అని దారంతా సణిగింది. వేదిక మీద మూడే వాయిద్యాలు: హార్ప్‌సికార్డ్, మనిషంత పొడుగున్న, వేళ్లతో మీటే థియోర్బో, వయోలా ద గాంబా. ఈ మూడోది చూడటానికి సెల్లోలా, అంటే పెద్ద వయొలిన్‌లా ఉంటుంది కానీ నేలకు ఆనించరు, పిక్కల మధ్య ఇరికించి పట్టుకుంటారు. కమానును అరచేయి పైకి ఉండేలా కింది నుంచి పట్టుకుంటారు. తీగలు గొర్రె పేగువి. చర్చిలో హీటరు వేడికి గాలి పొడిబారి, పాటపాటకూ శ్రుతి తప్పేది. వాళ్లు బిరడలు తిప్పుకుంటుంటే వెనక వరుసలో ఒకాయన విసుగ్గా నిట్టూర్చాడు. అమ్మ మాత్రం అసలు కచేరీ అదే అన్నట్టు ముందుకు వంగి చూసింది.

"మెట్లు చూశావా? కట్టుకున్నారు!"

నిజమే. గాంబాకు మెట్లు కూడా పేగుతోనే, మెడ చుట్టూ ముడివేసి ఉంటాయి. విరామంలో అమ్మ నన్ను లాక్కుంటూ వేదిక దగ్గరకు వెళ్లింది. వాయించినావిడ నవ్వుతూ ఒక మెట్టును వేలితో కాస్త పైకి జరిపి, మళ్లీ కిందికి దించి చూపించింది. ఎండాకాలంలో వీణ మెట్ల కింది మైనం మెత్తబడి అవి కదిలిపోతే, మెట్లు మళ్లీ అమర్చి మేళం కట్టించుకోవడానికి మనిషి కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లమని అమ్మ తెలుగులో చెప్పింది. నేను అనువాదం మొదలుపెట్టేలోపే ఆవిడ తల ఊపేసింది. ఏం అర్థమైందో!

విరామం తర్వాత అసలు దెబ్బ. మరాన్ మరే అనే ఫ్రెంచ్ విద్వాంసుడు (1656–1728) మూత్రాశయంలో రాయి తీసే ఆపరేషన్ మీద ఒక రచన చేశాడు. 1725లో అచ్చయింది. స్వరాలతో పాటు ఎక్కడ ఏం జరుగుతుందో మాటల్లోనూ రాసి ఉంటుంది. ఒకాయన నిలబడి అవి చదువుతుంటే ఆవిడ వాయించింది. ఆపరేషన్ సరంజామా కనిపిస్తుంది. చూసి రోగి వణుకుతాడు. పట్టు తాళ్లతో కాళ్లూ చేతులూ కడతారు. కోస్తారు. పట్టకారు లోపలికి వెళుతుంది. మత్తుమందు మాటే లేదు. ఈథర్ ఇచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చని అందరి ముందూ చేసి చూపించింది 1846లో, అదీ మేము కూర్చున్న చోటికి నది అవతల బోస్టన్‌లోనే. మరేకు అది 121 ఏళ్లు ఆలస్యం.

నాకు అంతకు ముందు ఏడాదే కిడ్నీలో రాయి తీశారు. నా చేయి నాకు తెలియకుండానే నడుము మీదికి పోయింది. "ఏమంటున్నాడు?" అని అమ్మ. "రాయి లాగుతున్నారు" అని చెవిలో చెప్పాను. అమ్మ వేదిక వదిలేసి నా నడుము వైపు చూసింది. ఆ వెంటనే "ఇక్కడ దాదాపు గొంతు పోతుంది" అన్న మాట వచ్చింది. గాంబా నాదం సన్నబడి, కమాను తీగను తాకుతోందో లేదో అన్నంత అయింది. హాలులో ఒక్కరూ కదలలేదు. మైకు లేదు మరి, కదిలితే ఆ స్వరం పోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన వీణను చంపింది మైకు. సినిమా కాదు, కీబోర్డు కాదు, మైకు. ఈ ఊళ్లో మనవాళ్ల ఆరాధన ఉత్సవానికి వెళ్లి చూడండి. రెండు వందల మంది పట్టే హాలుకు పెళ్లి పందిరి స్పీకర్లు, మృదంగం గుండెల మీద గుద్దుతుంటుంది, వీణ రేకు డబ్బాలా మోగుతుంది. ఒక్కసారి మైకులు తీసేద్దామని కమిటీలో అంటే నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. బొబ్బిలిలో ఒక్క పనస దుంగను తొలిచి వీణ చేసేది ఇందుకా?

శ్రుతి గురించి ఒక మాట. ఈ కచేరీల్లో శ్రుతికి ఆధారంగా పెట్టుకునే మధ్య 'ఎ' స్వరం సెకనుకు ఇప్పటి 440 కంపనాలు కాకుండా సాధారణంగా 415 ఉంటుంది, అంటే అర స్వరం కింద. అదే అసలైన పాత శ్రుతి అని ఎవరైనా గంభీరంగా చెబితే నమ్మకండి. అప్పట్లో ఊరికో శ్రుతి. 415 ఈ కాలంవాళ్లు సౌకర్యానికి ఒప్పుకున్న లెక్క.

ఇక బోస్టన్ అంటారా, ఈ సంగీతానికి అమెరికాలో ఇంతకన్నా మంచి ఊరు లేదు. ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ 1949లో పాత పద్ధతి హార్ప్‌సికార్డ్‌లు చేసే కార్ఖానా పెట్టింది ఇక్కడే. ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పాత వాయిద్యాల గది ఉంది, ముందు అది చూసి రండి. రెండేళ్లకోసారి జూన్‌లో పెద్ద ఉత్సవం కూడా జరుగుతుంది, 1981 నుంచీ ఉన్నదే.

టికెట్టు ముందు వరుసల్లోనే తీసుకోండి. వెనక చవక సీట్లలో గాంబా వినపడదు, దగ్గులు వినపడతాయి. చర్చి బల్లలు గట్టివి, చిన్న దిండు తీసుకెళ్లండి. చలికాలంలో దాహం తెలియదు కానీ నీళ్లు బాగా తాగండి, నా రాయికి కారణం అదేనని డాక్టరు తిట్టారు. కాకపోతే విరామానికి ముందు తాగకండి. అంత మందికీ ఉన్నవి రెండే మరుగుదొడ్లు.