రిజర్వులో పడిన స్కూటరు ఎంత దూరం వెళ్తుంది?

ప్రశ్న: మాది ట్యాపు తిప్పి రిజర్వులో పెట్టుకునే గేర్ల స్కూటరు. రిజర్వులో పడ్డాక 20 కిలోమీటర్లు వస్తుందని ఒకరు, 60 దాకా వస్తుందని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరిదీ వాళ్లవాళ్ల బండ్ల విషయంలో నిజమే అయ్యుండొచ్చు. మీ బండికి మాత్రం రెండూ పనికిరావు.

రిజర్వు కోసం వేరే ట్యాంకేమీ ఉండదు. ఉన్న ట్యాంకులోనే ట్యాపు నుంచి ఒక సన్నటి గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. నాబ్ 'ఆన్'లో ఉన్నంతసేపూ పెట్రోలు ఆ గొట్టం పై కొస నుంచే దిగుతుంది. పెట్రోలు మట్టం ఆ కొస కన్నా కిందికి పోయిందా, సరఫరా ఆగిపోతుంది. 'రిజర్వు'కి తిప్పితే ట్యాంకు అడుగున, గొట్టం మొదట్లో ఉండే రంధ్రం తెరుచుకుంటుంది. పై కొసకీ ఈ రంధ్రానికీ మధ్య ఎంత పెట్రోలు పడుతుందో అదే మీ రిజర్వు. చాలా స్కూటర్లలో ఇది ముప్పావు లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుంది. లీటరుకు 40 కి.మీ. ఇచ్చే బండికి 30 నుంచి 60 కి.మీ. అన్నమాట, మైలేజీ తక్కువైతే ఇంకా తగ్గుతుంది. మీకు చెప్పినవాళ్ల లెక్కల్లో తేడా ఇక్కడే వచ్చింది.

మీ బండి లెక్క మీరే తేల్చుకోవచ్చు. ముందుగా ఒకసారి బండి 'ఆన్'లో ఉండగా పెట్రోలు అయిపోయి దగ్గడం మొదలుపెట్టేదాకా నడపండి. దగ్గిన వెంటనే రిజర్వుకి తిప్పి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. ట్రిప్ మీటరు లేకపోతే అప్పటి రీడింగు రాసి పెట్టుకోండి. తర్వాత బంకుకెళ్లి ట్యాంకు నిండుగా పోయించండి. ఉదాహరణకు ట్యాంకు 6.5 లీటర్లది, బంకులో 5.3 లీటర్లు పట్టింది, రిజర్వులో 12 కి.మీ. వచ్చారు అనుకుందాం. బంకుకు చేరేసరికి ట్యాంకులో 1.2 లీటర్లు మిగిలి ఉంది. లీటరుకు 40 చొప్పున ఆ 12 కి.మీ.కి 0.3 లీటరు ఖర్చయింది. అంటే నాబ్ తిప్పే సమయానికి ఉన్నది 1.5 లీటర్లు. అడుగున రంధ్రానికి అందకుండా ఉండిపోయేది కొంత ఉంటుంది కాబట్టి 0.2 తీసేయండి. మిగిలిన 1.3 లీటర్లకు 52 కి.మీ. వస్తాయి. అయితే బంకులో గన్ను ఒకసారి ముందే కట్ అవుతుంది, ఒకసారి మెడ దాకా పోస్తారు. ఒక్క కొలతతోనే పావు లీటరు తేడా పడొచ్చు. రెండు మూడుసార్లు చూసి, వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెనే మీదిగా పెట్టుకోండి. అందులోనూ మూడింట రెండు వంతులే నమ్ముకుని బయల్దేరండి. అంటే 52 వచ్చిన బండికి 35.

ఇంకా కచ్చితంగా కావాలంటే మరో పద్ధతి ఉంది. 'ఆన్'లో అయిపోయాక నాబ్ 'ఆఫ్' చేసి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి, కొలత గీతలున్న, పెట్రోలుకు తట్టుకునే డబ్బాలోకి మళ్లించి రిజర్వుకి తిప్పండి. ధార ఆగేదాకా ఎంత దిగిందో అదంతా వాడుకోగలిగిన పెట్రోలే, తీసివేతలూ కూడికలూ అక్కర్లేదు. ఈ పని ఆరుబయట మాత్రమే చేయాలి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, దీపం ఏవీ ఉండకూడదు.

ప్రశ్న: నా గేర్లు లేని స్కూటరుకు ట్యాపే కనబడదు. పెట్రోలు మీటరు ముల్లు ఎర్ర గీతలోకి వస్తే రిజర్వు అనుకోవచ్చా?

జవాబు: అనుకోవచ్చు కానీ అది అంచనాయే. ట్యాపు ఉన్న బండిలో 'ఆన్'లో అయిపోయాక ఇంజను తనే ఆగి హెచ్చరిస్తుంది. మీ బండిలో ఆ హెచ్చరిక లేదు. ఎర్ర గీత దాటాక కూడా మామూలుగానే నడిచి నడిచి ఒక్కసారిగా ఆగిపోతుంది. తీసుకునే చోటు ఎప్పుడూ ట్యాంకు అడుగునే ఉంటుంది.

ముల్లును నడిపేది ట్యాంకులో తేలే ఒక ఫ్లోట్. దాని చేయి కదిలినకొద్దీ విద్యుత్తు నిరోధం మారి మీటరు కదులుతుంది. ట్యాంకు పైనా కిందా ఒకే వెడల్పుతో ఉండదు కాబట్టి ముల్లు మొదటి సగం నెమ్మదిగానూ, రెండో సగం గబగబానూ దిగడం మామూలే. సైడ్ స్టాండు మీద ఒక లెక్క, ఏటవాలులో ఇంకో లెక్క చూపిస్తుంది. నిజం తెలియాలంటే చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేసి, తాళం చెవి ఆన్ చేసి, అర నిమిషం ఆగి చూడండి. డిజిటల్ మీటర్లు పెట్రోలు ఊగిసలాట కనపడకుండా సగటు తీసి చూపిస్తాయి, అందుకే అవి ఇంకాస్త ఆలస్యంగా కదులుతాయి. 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అని చూపించే బండ్లయితే ఇటీవలి మైలేజీని బట్టి లెక్క కడతాయి. హైవే మీద నడిపి ఊళ్లోకి రాగానే ఆ అంకె తప్పుతుంది.

మీరు చేయాల్సింది ఇంతే. ముల్లు కింది గీతను తాకిన రోజే ట్యాంకు నింపించండి. 5 లీటర్ల ట్యాంకులో 4.1 పట్టిందంటే ఆ గీత దగ్గర మీకు 0.9 లీటరు ఉన్నట్టు, అడుగున అందకుండా ఉండిపోయేది పోగా 0.7. నింపినప్పుడల్లా ట్రిప్ మీటరు సున్నా చేసుకునే అలవాటు ఉంటే ముల్లుతో పనే లేదు. 5 లీటర్ల ట్యాంకు, 45 మైలేజీ అయితే 180 కి.మీ. దగ్గర బంకుకు వెళ్లడమే. నన్నడిగితే ముల్లు కన్నా ట్రిప్ మీటరునే నమ్ముతాను. ఫ్లోటుకు చిల్లు పడొచ్చు, లోపలి కాంటాక్టు అరిగి ముల్లు గంతులు వేయొచ్చు. కిలోమీటర్లు మాత్రం అలా గంతులు వేయవు.

ప్రశ్న: రిజర్వుకి తిప్పాక 5 కి.మీ. కూడా రాకుండానే ఆగిపోయింది. మూత తీసి చూస్తే పెట్రోలు కనబడుతోంది. ఏమైనట్టు?

జవాబు: మూత తీసినప్పుడు 'స్‌స్' మని గాలి పీల్చిన చప్పుడు వచ్చిందా? ఆ తర్వాత బండి స్టార్టయిందా? అయితే దోషం మూతదే. పెట్రోలు దిగినకొద్దీ దాని చోటులోకి గాలి రావడానికి మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే ట్యాంకులో గాలి పీడనం తగ్గి పెట్రోలు కిందికి దిగదు. చాలామంది దీన్నే 'పెట్రోలు అయిపోయింది' అనుకుంటారు. మూతను పెట్రోలుతో కడిగి గాలి కొట్టించండి, సరిపోతుంది.

మూత తీసినా మార్పు లేకపోతే ట్యాపు వైపు చూడాలి. కార్బురేటర్ దగ్గర పైపు తీసి రిజర్వులో పెట్టి చూడండి. సన్నటి ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తోందంటే అడుగు రంధ్రం చుట్టూ ఉన్న జాలీ తుప్పుతోనో, మడ్డితోనో నిండింది. ఏళ్ల తరబడి రిజర్వు వాడని బండ్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే చెత్త చేరేదీ అక్కడే, అది కదలకుండా కూర్చునేదీ అక్కడే. ట్యాపు విప్పి జాలీ కడగాలి. మళ్లీ బిగించేటప్పుడు కొత్త వాషరు వేయకపోతే కారుతుంది.

ధార బాగానే వస్తోంది, బండి మాత్రం దగ్గుతోంది అంటే నీటిని అనుమానించండి. నీరు పెట్రోలు కన్నా బరువు, అడుగున చేరుతుంది. సగం ఖాళీగా ఉండే ట్యాంకు గోడల మీద రాత్రిపూట పట్టే తేమ కూడా చివరికి అక్కడికే దిగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలయితే కొంత తేమను తనలో కలుపుకుంటుంది, మోతాదు మించితే ఇథనాలూ నీరూ కలిసి విడి పొరగా అడుగుకు దిగిపోతాయి. రిజర్వు రంధ్రం ముందుగా లాగేది ఆ పొరనే. గాజు సీసాలో కొంచెం పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున విడిగా గీత కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, కార్బురేటర్ గిన్నె కూడా విప్పి కడిగించండి.

ప్రశ్న: 'ఆన్'లో ఉన్న బండే ఉన్నట్టుండి ఆగింది. రిజర్వుకి తిప్పినా లాభం లేకపోయింది. ట్యాంకు పూర్తిగా ఖాళీ. ఇదెలా?

జవాబు: కిందటిసారి పోయించాక నాబ్‌ను వెనక్కి తిప్పడం మరిచి ఉంటారు, చాలాసార్లు ఇదే కారణం. 'ఆన్'లో ఉందని మీరు అనుకున్న నాబ్ నిజానికి రిజర్వులోనే ఉండి ఉంటుంది. అలా కాదని మీకు గట్టి నమ్మకముంటే ట్యాపు విప్పి చూడండి. లోపలి నిలువు గొట్టం విరిగినా, మొదట్లో వదులైనా 'ఆన్' కూడా అడుగు నుంచే లాగుతుంది, ఇక రిజర్వన్నది మిగలదు.

ప్రశ్న: పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే పాత టూ స్ట్రోక్ స్కూటరు. రిజర్వులో పెట్టగానే పొగ విపరీతం, కాసేపటికి ప్లగ్గు తడిసి ఆగిపోతుంది.

జవాబు: ఆయిల్‌ను ట్యాంకులో నేరుగా పోస్తున్నారేమో చూసుకోండి. ఆయిల్ పెట్రోలు కన్నా బరువు కాబట్టి సరిగా కలవనిది అడుగుకు జారుతుంది. 'ఆన్'లో పైన ఉన్న పలుచని పెట్రోలుతో నడిచి, రిజర్వుకి రాగానే చిక్కటిది లాగుతుంది. పొగ కన్నా అసలు ప్రమాదం 'ఆన్'లో నడిచినప్పుడే జరుగుతోంది, అప్పుడు పిస్టనుకు ఆయిల్ చాలదు. కంపెనీ చెప్పిన పాళ్లలో, 2 శాతమయితే లీటరుకు 20 మి.లీ. చొప్పున, ముందే డబ్బాలో పెట్రోలుతో కలిపి బాగా కుదిపి అప్పుడు పోయండి. ట్యాంకులోనే పోయక తప్పకపోతే ఆయిల్ ముందు పోసి, దాని మీద పెట్రోలు ధారగా పడేలా చూడండి. ఆ తోపుకు చాలావరకు కలుస్తుంది.

ప్రశ్న: రిజర్వులో పడ్డాం, బంకు 30 కి.మీ. దూరంలో ఉంది. ఎలా నడిపితే చేరతాం?

జవాబు: 35–40 వేగంలో ఒకే తీరున వెళ్లండి. గాలి ఎదురొత్తిడి వేగంతో పాటు కాక వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 40కి దిగితే ఆ ఒత్తిడి సగానికన్నా తక్కువవుతుంది. ఎక్సలేటర్ గబుక్కున తిప్పొద్దు. చోక్ లాగి ఉందేమో చూడండి. నిమిషానికి మించి ఆగాల్సి వస్తే ఇంజను ఆపేయండి.

దిగుడులో ఇంజను ఆపి దొర్లించడం మాత్రం వద్దు. ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, తాళం ఇంకో మెట్టు తిరిగితే హ్యాండిలే బిగుసుకుంటుంది. ఇంజెక్షన్ బండ్లలో (కార్బురేటర్ బదులు కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మేవి) దీనివల్ల మిగిలేదీ ఏమీ లేదు. ఎక్సలేటర్ పూర్తిగా వదిలి దిగుతున్నప్పుడు చాలా బండ్లలో కంప్యూటరే పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది.

ప్రశ్న: ఇంజెక్షన్ స్కూటరు పూర్తిగా ఎండిపోయి ఆగింది. అర లీటరు తెచ్చి పోశాను, ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు. ఇంజను పాడైందా?

జవాబు: ఇంజనుకేమీ కాదు. దెబ్బ తగిలేది ట్యాంకులో ఉండే పంపుకు. దాన్ని చల్లబరిచేదీ, దానికి కందెనగా పనిచేసేదీ పెట్రోలే. ఎండిన ట్యాంకులో అది వట్టిగా తిరుగుతూ వేడెక్కి అరుగుతుంది. ఎప్పుడో ఒకసారి జరిగితే తట్టుకుంటుంది గానీ, ఎర్ర గీత కింద నడపడమే అలవాటైతే పంపు ఆయుష్షు తగ్గుతుంది. ఆన్ చేసినప్పుడు వచ్చే సన్నటి కూత రోజురోజుకీ పెద్దదవుతుంటే చూపించుకోండి.

అర లీటరు మీకు చాలలేదు. అందులో కొంత అడుగున పంపుకు అందకుండా ఉండిపోతుంది, బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే ఇంకాస్త. కనీసం లీటరు పోసి, బండిని చదునైన చోట సెంటర్ స్టాండు వేయండి. తాళం చెవి ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా ఆగండి, పంపు రెండు మూడు సెకన్లు కూసి ఆగిపోతుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పైపులో గాలి పోయి పీడనం ఎక్కుతుంది. అప్పుడు ఎక్సలేటర్ ముట్టకుండా సెల్ఫ్ కొట్టండి. ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, మధ్యలో పది పదిహేను సెకన్లు బ్యాటరీకి ఊపిరి ఇవ్వండి.

కార్బురేటర్ ఉండి, ట్యాపు కనబడని స్కూటర్లలో ట్యాపు సాధారణంగా ఇంజను పీల్పుతో తెరుచుకునే రకం. ఇంజను తిరిగితేనే పెట్రోలు దిగుతుంది, గిన్నె నిండితేనే ఇంజను అందుకుంటుంది. అందుకే ఎండిపోయాక పది పదిహేను కిక్కులు పట్టడం మామూలే, అన్ని కొట్టినా పైపులోకి చుక్క రాకపోతే పీల్పు గొట్టం ఊడిందో, ట్యాపులోని రబ్బరు పొర చిరిగిందో చూడాలి.

పెట్రోలును మంచినీళ్ల సీసాలో పోసి సీటు కింద పెట్టుకోవద్దు. ఆ ప్లాస్టిక్ పెట్రోలు కోసం చేసింది కాదు, కిందే ఇంజను వేడి. తెచ్చుకోక తప్పకపోతే బిగుతు మూత ఉన్న పెట్రోలు డబ్బాలో, పై అంచుకు కొంచెం ఖాళీ వదిలి తెచ్చుకోండి.