పల్స్ లెక్క తప్పితే ఫిట్‌నెస్ లెక్కా తప్పుతుంది

ప్రశ్న: వైద్య విద్య రెండో ఏడాది చదువుతున్నాను. ఫిజియాలజీ ల్యాబ్‌లో క్వీన్స్ కాలేజీ స్టెప్ టెస్ట్ (పెట్టె ఎక్కి దిగాక పల్స్ చూసి ఫిట్‌నెస్ అంచనా వేసే పరీక్ష) చేస్తే 15 సెకన్లకు పల్స్ 44 వచ్చింది. ముందు రాత్రి నిద్ర లేదు, కాఫీ తాగి వెళ్లాను. వారం తర్వాత చేస్తే 38. ఈసారి పెట్టె దిగి కుర్చీలో కూర్చున్నాక స్నేహితురాలు మెడ దగ్గర చూసి లెక్కపెట్టింది. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండింటినీ పక్కన పెట్టండి. అమ్మాయిల సూత్రంలో నిమిషం పల్స్‌ను (15 సెకన్ల లెక్కకు నాలుగింతలు) 0.1847తో గుణించి 65.81 నుంచి తీసేస్తే వీఓటూ మ్యాక్స్ వస్తుంది, అంటే శరీరం నిమిషానికి కిలో బరువుకు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. 44కి 33.3, 38కి 37.7. వారంలో గుండె సామర్థ్యం అంత పెరగదు. మొదటిసారి నిద్రలేమి, కాఫీ అడ్డొచ్చాయి, రెండోసారి లెక్కపెట్టిన తీరు మారింది.

అడుగులు ఆపిన క్షణం నుంచే పల్స్ పడిపోతూ ఉంటుంది. అందుకే నిలబడే ఉండి, ఆపాక 5వ సెకను నుంచి 20వ సెకను వరకు లెక్కపెట్టాలి. కూర్చుంటే కాళ్లలోని రక్తం గుండెకు సులువుగా చేరి పల్స్ ఇంకా తొందరగా దిగుతుంది. మెడ దగ్గర గట్టిగా నొక్కితే కెరోటిడ్ సైనస్ (మెడ ధమనిలో రక్తపోటును పసిగట్టే చోటు) స్పందించి మరికొంత తగ్గిస్తుంది. ఆలస్యం, కూర్చోవడం, నొక్కడం మూడూ ఒకే వైపు లాగి లేని ఫిట్‌నెస్‌ను చూపిస్తాయి. మణికట్టు దగ్గరే చూడండి, బొటనవేలితో మాత్రం వద్దు. దాని పల్సే మీకు తగులుతుంది.

పెట్టె ఎత్తు 41.3 సెంటీమీటర్లు, సమయం 3 నిమిషాలు. అమ్మాయిలు నిమిషానికి 22 సార్లు ఎక్కి దిగాలి, ఒక్కోసారికి నాలుగు అడుగులు కాబట్టి మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) 88 దగ్గర పెట్టండి. అబ్బాయిలకు 24 సార్లు, మెట్రోనోమ్ 96. పైకెక్కిన ప్రతిసారీ మోకాళ్లు పూర్తిగా నిటారు కావాలి. అలసట మొదలయ్యాక చాలామంది వంగిన మోకాళ్లతోనే దిగిపోతారు, దాంతో పని తగ్గి పల్స్ తక్కువ వస్తుంది. అబ్బాయిల సూత్రం వేరు: 0.42తో గుణించి 111.33 నుంచి తీసేయాలి. అక్కడ 15 సెకన్ల లెక్కలో ఒక్క బీట్ తప్పినా 1.68 తేడా వస్తుంది. బాగా నిద్రపోయిన మర్నాడు, కాఫీ లేకుండా, అదే పెట్టె మీద మళ్లీ చేయండి.

ప్రశ్న: వయసు 20, విశ్రాంతిలో పల్స్ 80. రోజంతా పుస్తకాల ముందే గడుస్తుంది. జిమ్‌కు వెళ్లే వీలు లేదు. ఎంత వ్యాయామం చాలు?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం. దాంతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమం ఇప్పుడు లేదు. చదువు మధ్యలో అయిదు నిమిషాల నడక కూడా లెక్కలోకి వస్తుంది.

మీ గరిష్ఠ పల్స్ అంచనా: 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేస్తే 194. విశ్రాంతి పల్స్ 80 తీస్తే మిగిలేది 114. అందులో 40 శాతం 80కి కలిపితే 126, 60 శాతం కలిపితే 148. మధ్యస్థ వ్యాయామమంటే పల్స్ ఈ రెండింటి మధ్య ఉండటం. నడక ఆపి పది సెకన్లు లెక్కపెడితే 21 నుంచి 24 రావాలి. ఆ వేగంలో మాట్లాడగలరు, పాడలేరు.

మొదటి రెండు వారాలు అయిదు రోజులు 20 నిమిషాల చొప్పున నడవండి. తర్వాత 30కి పెంచండి. మూడో వారం నుంచి అందులో రెండు రోజులు మెట్లు: ఒక నిమిషం ఎక్కడం, రెండు నిమిషాలు నెమ్మదిగా దిగి తేరుకోవడం, ఆరుసార్లు. రెయిలింగ్ మీద బరువు వేయకండి. పట్టుదల కొద్దీ తొలిరోజే చాలా దూరం పరుగెత్తేవాళ్లకు ముంగాలి ఎముక నొప్పి వస్తుంది, రెండో వారానికి అంతా ఆగిపోతుంది. గుండె ఒక వారంలో ఒప్పుకున్న భారాన్ని ఎముక అంత త్వరగా ఒప్పుకోదు.

ప్రశ్న: గాలి పీల్చేటప్పుడు పల్స్ వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా ఉంటోంది. జబ్బేనా?

జవాబు: కాదు. ఊపిరితో పాటు, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రభావం మారడం వల్ల వచ్చేది, యువతలో మామూలే. వ్యాయామం చేస్తూ ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, కారణం తెలియని గుండెదడ ఉన్నా, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్ మరణం జరిగినా స్టెప్ టెస్ట్ కంటే ముందు డాక్టర్‌కు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. జ్వరం ఉన్న రోజుల్లో మెట్లు, పరుగు రెండూ మానండి. వైరస్ గుండె కండరానికి సోకి ఉంటే ఆ శ్రమ ప్రమాదం.