ధర పెరుగుతుందని తొందరపడాలా?

ప్రశ్న: మేం ఆస్టిన్‌లో ఉంటాం. టెస్లా కొనేలోగా 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ పోయింది. పైగా మావారు సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తీసుకుందామంటున్నారు. అది ఉంటే ముందుముందు కారు విలువ పెరుగుతుందట. నిజమేనా అండీ?

జవాబు: విలువ పెరుగుతుందని 2019లో ఎలాన్ మస్క్ కూడా అన్నారమ్మా. కానీ జరిగింది చూడండి. ఆ సాఫ్ట్‌వేర్ 2020లో 10,000 డాలర్లకు చేరింది, 2022లో 15,000 అయింది. 2024 ఏప్రిల్‌లో 8,000కు దిగింది. రేటు ఇంకా పెరుగుతుందని భయపడి 15,000 పోసిన వాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది, దాన్ని మరచిపోండి. సాఫ్ట్‌వేర్ సంగతే మీ చేతిలో ఉంది. ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ (సూపర్‌వైజ్డ్)’ అనే దాని పేరులోనే ‘పర్యవేక్షణలో’ అని ఉంది, అంటే కారు తనంతట తాను వెళ్తున్నా బాధ్యత డ్రైవరుదే. మా తమ్ముడి కారులో పక్కసీట్లో కూర్చున్నప్పుడు గమనించాను. వాడు ఫోన్ వైపు కాసేపు చూశాడో లేదో, అద్దం దగ్గరున్న కెమెరా పట్టేసింది, రోడ్డు చూడమని తెర మీద హెచ్చరిక వచ్చింది. నిద్రపోతూ ఆఫీసుకు వెళ్లొచ్చని మీవారు అనుకుంటుంటే, ఆ మాట ముందే గట్టిగా చెప్పండి.

నెలవారీ చందా 2024లో 199 నుంచి 99 డాలర్లకు తగ్గింది. నా సలహా, ముందు కారు మాత్రమే తీసుకోండి. ఏదైనా దూర ప్రయాణం ఉన్న నెలలో చందా కట్టి, మీరిద్దరూ నడిపి చూడండి. టెన్షన్ తగ్గిందనిపిస్తే కొనసాగించండి, లేదంటే ఆపేయండి.