మాలిష్‌కి ముందు జీను చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మొయినాబాద్ దగ్గర మా తోటలో తొమ్మిదేళ్ల మార్వారీ ఆడగుర్రం ఉంది, మా అబ్బాయి స్వారీ చేస్తాడు. నెల రోజులుగా జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వస్తోంది, ఎడమవైపు తిరగమంటే తిరగడం లేదు. పొగరెక్కింది, ఆవనూనెతో గట్టిగా మాలిష్ చేస్తే దారికొస్తుందని గుర్రాన్ని చూసుకునే సైసు అంటున్నాడు. ఫిజియోథెరపీ చేయించమని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: అది పొగరు కాదండీ, నొప్పి. పాపం, అది ఇంకెలా చెబుతుంది? దయచేసి కొట్టనివ్వకండి, పశువుల డాక్టర్ వచ్చి చూసేదాకా జీను వేయకండి.

ఇప్పటిదాకా వాడిన జీను కింది గుడ్డ తీసి చూడండి, చెమట మరకల మధ్య ఎక్కడైనా పొడిగా ఉండిపోయిన చోటుంటే జీను అక్కడే నొక్కుతోందని అనుమానించాలి, మూపు పక్కన కొత్తగా తెల్ల వెంట్రుకలు వచ్చినా అంతే. గిట్టలూ పళ్లూ కూడా చూపించండి, ఎందుకంటే కాలు నొప్పిగా ఉన్న గుర్రం బరువు పక్కకి వేసి నడిచీ నడిచీ వీపు పట్టేసుకుంటుంది, అప్పుడు మనం వీపుని ఎంత పిసికినా మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది.

గుర్రానికి మనలా కాలర్ బోన్ ఉండదు. ముందుకాళ్లని మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే, ఒంటి బరువులో దాదాపు 60 శాతం ఆ కాళ్ల మీదే పడుతుంది, పైన మీ అబ్బాయి బరువొకటి. అందుకే మెడ కింద, భుజం దగ్గర, మూపు వెనక అంతలా బిగుసుకుంటుంది.

డాక్టర్ సరేనన్నాక మాలిష్ చేయొచ్చు. నూనె వద్దు, దుమ్ము పట్టి జీను కింద ఒరుసుకుంటుంది. అరచేత్తో, వెంట్రుకల వాలున, మెడ నుంచి తొడదాకా నెమ్మదిగా పది నిమిషాలు చాలు, వెన్నెముక మీద నొక్కకుండా దానికి రెండు పక్కలా ఉన్న కండ మీదే చేయండి. చేస్తున్నంతసేపూ ముఖం చూడండి. తల దించి, కింది పెదవి వదిలేసి, ఆవులిస్తే దానికి హాయిగా ఉన్నట్టు, వీపు కిందికి దించేసి తోక విసిరితే ఆ చోట నొప్పి ఉన్నట్టు, ఇంకా గట్టిగా నొక్కి లొంగదీద్దామని మాత్రం చూడకండి.

వాపు, వేడి, పుండు, జ్వరం ఉంటే అసలు ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచి మళ్లీ పని పెట్టినప్పుడు తొడ కండరాలు రాయిలా బిగుసుకుని, చెమటలు పట్టి, మూత్రం కాఫీ రంగులో వస్తే మాలిష్ చేయకూడదు, నడిపించకూడదు కూడా, ఉన్నచోటే నిలబెట్టి డాక్టర్‌ని పిలవండి.

ఇక ఫిజియోథెరపీ. లేజర్, అల్ట్రాసౌండ్ లాంటివి డాక్టర్ చెబితేనే. ఇంట్లో చేయగలిగింది క్యారెట్ వ్యాయామం, అది కూడా డాక్టర్‌ని అడిగాకే. నాలుగు కాళ్లూ సమంగా పెట్టి నిలబెట్టి, క్యారెట్ చూపిస్తూ మూతిని ఛాతీ దగ్గరికి, ముందు మోకాళ్ల మధ్యకి, తర్వాత ఒక్కో డొక్క వైపుకి రప్పించి, కొన్ని సెకన్లు ఆపి క్యారెట్ ఇచ్చేయండి, ఒక్కోటి ఐదుసార్లు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నెలలు ఇలా చేయించిన గుర్రాల్లో వెన్నుని పట్టి ఉంచే లోపలి కండరం పెరిగినట్టు స్కానింగ్‌లో తేలింది. ఈ పని మీ అబ్బాయి చేతే చేయించండి. కుడివైపు మూతి ఎంతదాకా వస్తోంది, ఎడమవైపు ఎక్కడ ఆగిపోతోంది అన్నది రోజూ రాసిపెట్టుకోమనండి, డాక్టర్ మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం చూపించండి.