గ్రామసభలో వద్దన్నాం, చాలదా?

ప్రశ్న: రెండు పంటలు పండే మా బోర్ల కింది భూములను పారిశ్రామిక పార్కుకు తీసుకుంటామని పేపర్లో ప్రకటన వేశారు. గ్రామసభలో వద్దని తీర్మానించాం. మూడొందల మందిమి ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి ఇచ్చాం. 80 శాతం మంది ఒప్పుకోకపోతే భూసేకరణ ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?
- ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆ 80 శాతం మాటను నమ్ముకునే చాలా ఊళ్లు గడువు పోగొట్టుకుంటున్నాయి. 2013 భూసేకరణ చట్టంలో ఆ షరతు ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునేటప్పుడే వర్తిస్తుంది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. ప్రభుత్వం తన అధీనంలో ఉంచుకోవడానికే తీసుకుంటే మీ సమ్మతి అక్కర్లేదు. కాబట్టి భూమి ఎవరి కోసమని ప్రకటనలో రాశారో ముందు చూడండి. గ్రామసభ సమ్మతి తప్పనిసరి అయ్యేది షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లో. మీ దగ్గర తీర్మానం అభ్యంతరానికి బలమిస్తుంది, అంతవరకే.

మీరు పట్టుకోవాల్సింది సెక్షన్ 15. సెక్షన్ 11(1) ప్రకటన (భూమి తీసుకుంటామనే తొలి ప్రకటన) వచ్చిన 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. (1894 నాటి పాత చట్టంలో 30 రోజులుండేది. ఇప్పటికీ అదే అనుకుని ఊరుకునేవాళ్లున్నారు.) గెజిట్లో, పత్రికల్లో, పంచాయతీ బోర్డు మీద వేర్వేరు తేదీలుంటే, అన్నిటికన్నా ముందు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

ఉమ్మడి అర్జీ ఉండనివ్వండి, కానీ ప్రతి పట్టాదారూ సొంతంగా మరొకటి ఇవ్వాలి. సర్వే నంబరు, సబ్ డివిజను, విస్తీర్ణం రాసి, 1బి (భూమి ఎవరిదో చూపే రికార్డు), అడంగల్ (పొలంలో ఏం సాగవుతోందో చూపే రికార్డు) నకళ్లు జత చేయండి. 1బిలో ఇంకా చనిపోయిన తండ్రి పేరే ఉంటే వారసులందరూ సంతకం చేసి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టాలి. కలెక్టరేట్ ఇన్వర్డులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా రావద్దు. 'నన్ను స్వయంగా విచారించాలి' అన్న వాక్యం మరవకండి. వినమని అడిగే హక్కు మీకు చట్టమే ఇచ్చింది.

'మా భూమి ఇవ్వం' అని మాత్రమే రాస్తే ఒక్క వాక్యంతో తోసిపుచ్చేస్తారు. నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని, వేరే దారి లేనప్పుడే తీసుకోవాలని సెక్షన్ 10 చెబుతోంది. దాన్ని మీ పొలానికి అన్వయించి రాయండి: మూడేళ్ల అడంగల్, ఈ-పంట (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట రికార్డు) నమోదు, బోరు కరెంటు సర్వీసు నంబరు, రెండు పంటల ఫొటోలు. దగ్గర్లో బీడు భూములుంటే వాటి సర్వే నంబర్లూ ఇవ్వండి. అడంగల్లో మీ పొలం బీడని ఉంటే ఈలోపే తహసీల్దారుకు సవరణ దరఖాస్తు పెట్టండి.

అయితే రాష్ట్ర సవరణ ప్రకారం కొన్ని తరహా ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచీ, ఈ సెక్షన్ 10 నుంచీ మినహాయింపు ఇవ్వొచ్చు. మీ పార్కుకు అలాంటి ఉత్తర్వు ఇచ్చారేమో సమాచార హక్కు కింద మొదటి వారంలోనే అడగండి. జవాబుకు వాళ్లకు 30 రోజుల గడువుంటుంది, ఆలస్యం చేస్తే మీ 60 రోజులు కరిగిపోతాయి.

నేల స్వభావం రుజువు కావడం ఎంత ముఖ్యమో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపింది. అక్కడి బీల చిత్తడి నేలల్లో తలపెట్టిన థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2010 జూలై 14న రద్దు చేసింది. సరిగ్గా అదే రోజున పోలీసు కాల్పుల్లో అక్కడ ప్రాణాలు పోయాయి. ఆ బాధ ఇంకా మానలేదు.

ప్రశ్న: కౌలుకు చేసుకుంటున్నాను. పట్టా లేదు. నేను అభ్యంతరం చెప్పొచ్చా?

జవాబు: తప్పకుండా చెప్పొచ్చు. ప్రధాన జీవనాధారం దెబ్బతినేవారిని కూడా చట్టం 'ఆసక్తి ఉన్న వ్యక్తి'గానే చూస్తుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు కుటుంబం బాధిత కుటుంబం కిందికి వస్తుంది. సాగు హక్కు పత్రం (కౌలుదారుకు ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంటే పెట్టండి. యజమాని సంతకం చేయక అది లేకపోతే, మీ పేరుతో ఉన్న ఈ-పంట నమోదు, పంట రుణం కాగితాలు, ధాన్యం అమ్మిన రసీదులు ఏడాదివారీగా గుచ్చి ఇవ్వండి.